ఆగని లూపు, దొరకని మాట

2008వ సంవత్సరం డిసెంబరు 31. తెల్లవారితే కొత్త సంవత్సరం. మైక్రోసాఫ్ట్ కంపెనీవారి “జూన్” అనే జేబు సంగీత యంత్రం కొనుక్కున్నవాళ్ళు ఎంతోమంది ఆ రోజు పాటలు విందామని మీట నొక్కారు. జూన్ అంటే ఇక్కడ నెల పేరు కాదు, ఆ యంత్రం పేరే అది. తెర వెలిగింది. అంతే! అక్కడే నిలిచిపోయింది. పాట లేదు, మాట లేదు. ఏ మీట నొక్కినా చలనం లేదు. ఎవరి యంత్రమూ కింద పడలేదు, నీళ్ళలో తడవలేదు. అయినా 30 గిగాబైట్ల నమూనా యంత్రాలు ఒకే రోజున మొరాయించాయి.

కంపెనీవారు చెప్పిన చికిత్స మరీ విచిత్రం. “బ్యాటరీని పూర్తిగా అయిపోనివ్వండి. జనవరి 1న గ్రీనిచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలు దాటాక మళ్ళీ ఛార్జి చేసి చూడండి” అన్నారు. అలా చేసేసరికి యంత్రాలు ఏమీ ఎరగనట్టు మళ్ళీ పాడసాగాయి!

ఇందులో మాయ ఏమీ లేదు. యంత్రంలోని గడియారాన్ని చూసుకునే ప్రోగ్రాములో, వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని పంక్తులున్న ఒక లూపు ఉంది. తప్పు అందులో ఉంది. ఈ వ్యాసం సగం చదివేసరికి ఆ తప్పును మీరే పట్టుకోగలరు. దానికి కావలసింది కాగితం, పెన్సిలు. మీ బడిలో కంప్యూటరు లేకపోయినా, ఉండి మీ వంతు వారానికొకసారే వచ్చినా ఫరవాలేదు.

లూపును అడగవలసిన మూడు ప్రశ్నలు

ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చెయ్యమని కంప్యూటరుకు చెప్పే పద్ధతే లూపు. గానుగెద్దు ఒకే దారిన తిరిగినట్టు, కంప్యూటరు కూడా అవే పంక్తుల చుట్టూ తిరుగుతుంది. ఏడో ఎక్కం రాయించే ప్రోగ్రామును చూద్దాం. నెదర్లాండ్స్ దేశస్థుడైన గిడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన “పైథాన్” భాషలో బడిపిల్లలు దీనిని రాస్తుంటారు. ఇక్కడ అర్థం కోసం మన మాటల్లో రాసుకుందాం.

1. “సంఖ్య” అనే గడిలో 1 వేయి.
2. సంఖ్య 10 దాటనంతవరకు 3, 4 పంక్తులు చేస్తూ ఉండు.
3. 7 ను సంఖ్యతో గుణించి చూపించు.
4. సంఖ్యకు 1 కలుపు.

ఇది చక్కగా 7 నుంచి 70 దాకా చూపించి ఆగుతుంది. ఇప్పుడు నాలుగో పంక్తిని చెరిపేయండి. ఏమవుతుంది? సంఖ్య ఎప్పటికీ 1 గానే ఉంటుంది. 1 ఎప్పటికీ 10 దాటదు. కనుక తెర మీద 7, 7, 7 అని కరెంటు పోయేదాకా వస్తూనే ఉంటుంది. దీన్ని అనంత లూపు అంటారు. కంగారుపడకండి. కంట్రోల్ మీటను నొక్కిపట్టి సి అక్షరం నొక్కితే సాధారణంగా ఆగిపోతుంది.

కాబట్టి లూపు రాసిన ప్రతిసారీ దాన్ని మూడు ప్రశ్నలు అడగండి. ఎక్కడ మొదలవుతుంది? ఎప్పుడు ఆగుతుంది? ప్రతి చుట్టులోనూ ఏది మారుతుంది? మూడోదానికి “ఏదీ మారదు” అని జవాబు వస్తే ఆ లూపు ఆగదు.

రెండో ప్రశ్న దగ్గర మరో చిక్కుంది. పైథాన్‌లో “రేంజ్” అనే మాటతో 1 నుంచి 10 వరకు అని రాస్తే, లూపు 9 తోనే ఆగిపోతుంది. చివర చెప్పిన అంకె దగ్గర ఆగాలి తప్ప దానిని కలుపుకోకూడదన్నది ఆ భాష నియమం. మీ ఎక్కంలో 70 కనిపించకపోతే కారణం అదే. 10 కూడా కావాలంటే 11 అని చెప్పాలి. ఇలాంటి “ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ” పొరపాటు కంప్యూటరుతో పుట్టింది కాదు. 100 మీటర్ల పొడవు కంచెకు పది మీటర్లకొక గుంజ పాతాలంటే ఎన్ని గుంజలు కావాలి? గబుక్కున 10 అంటాం. బొమ్మ గీసి చూడండి, 11 కావాలి!

పట్టిక వేస్తే గుట్టు తెలుస్తుంది

ఆగని లూపు కనీసం తప్పుందని చాటుతుంది. బుద్ధిగా ఆగిపోయి, తప్పుడు జవాబు చెప్పే లూపు ఇంకా ప్రమాదకరం. ఐదు పరీక్షల మార్కులను కూడే ఈ ప్రోగ్రాము చూడండి.

1. మార్కుల జాబితా: 62, 71, 58, 80, 49.
2. జాబితాలోని ఒక్కొక్క మార్కుకూ 3, 4 పంక్తులు చెయ్యి.
3. “మొత్తం” అనే గడిలో 0 వేయి.
4. మొత్తానికి ఈ మార్కు కలుపు.
5. అన్నీ అయ్యాక మొత్తం చూపించు.

రావలసింది 320. వచ్చేది 49. కంప్యూటరు కూడిక మరచిపోయిందా? కాదు. మనమే కంప్యూటరై ఒక్కొక్క పంక్తీ నడిపి చూద్దాం.

మొదటి చుట్టు: మార్కు 62. మూడో పంక్తి తరువాత మొత్తం 0. నాలుగో పంక్తి తరువాత 62.
రెండో చుట్టు: మార్కు 71. మూడో పంక్తి తరువాత మొత్తం 0. నాలుగో పంక్తి తరువాత 71.

ఇక్కడ ఆగండి. రెండో చుట్టు ముగిసేసరికి మీరు అనుకున్నది 133. పట్టికలో వచ్చింది 71. మూడో పంక్తి ప్రతి చుట్టులోనూ పాత మొత్తాన్ని చెరిపేస్తోంది. పంక్తి మంచిదే, ఉన్నచోటే మంచిది కాదు. దాన్ని లూపుకు పైన రాస్తే సరి. పైథాన్‌లో లూపులో చేరే పంక్తులను కాస్త లోపలికి జరిపి రాస్తారు. అందువల్ల నాలుగు ఖాళీల తేడాతో ఇలాంటి తప్పు దొర్లిపోతుంది.

ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: మీరు అనుకున్న విలువా, పట్టికలోని విలువా మొట్టమొదట ఎక్కడ వేరుపడ్డాయో, తప్పు ఆ పంక్తిలోనో దానికి కాస్త పైనో ఉంటుంది. కంప్యూటరు మీ మనసులో ఉన్నది చెయ్యదు, మీరు రాసింది చేస్తుంది. ఆ రెండూ విడిపోయిన చోటును వెతకడమే మన పని.

ఆ రోజు ఏం జరిగింది?

ఇప్పుడు సంగీత యంత్రం దగ్గరకు వెళదాం. దాని గడియారం 1980 జనవరి 1 నుంచి ఎన్ని రోజులైందో లెక్క పెట్టుకుంటుంది. ఆ రోజుల సంఖ్య నుంచి ఇది ఏ సంవత్సరమో కనిపెట్టాలి. అందుకు రాసిన లూపు సారాంశం ఇది.

1. సంవత్సరంలో 1980 వేయి.
2. రోజులు 365 కంటె ఎక్కువగా ఉన్నంతవరకు 3, 4 పంక్తులు చేస్తూ ఉండు.
3. లీపు సంవత్సరమైతే: రోజులు 366 కంటె ఎక్కువ ఉన్నాయేమో చూడు. ఉంటే 366 తీసివేసి, సంవత్సరానికి 1 కలుపు.
4. లీపు సంవత్సరం కాకపోతే: 365 తీసివేసి, సంవత్సరానికి 1 కలుపు.

చదవడానికి బాగానే ఉంది కదూ? పట్టిక వెయ్యండి. 2007 వరకు అన్ని సంవత్సరాలూ తీసివేయగా, డిసెంబరు 30న మిగిలినవి 365 రోజులు. 365 కంటె 365 ఎక్కువ కాదు. లూపు ఆగింది. సంవత్సరం 2008. సరిగ్గా ఉంది.

డిసెంబరు 31న మిగిలినవి 366 రోజులు. 365 కంటె 366 ఎక్కువే. కనుక లూపులోకి వెళ్ళాలి. 2008 లీపు సంవత్సరమే. 366 కంటె 366 ఎక్కువా? కాదు. కనుక ఏమీ తీసివేయకూడదు. మళ్ళీ రెండో పంక్తికి వెళ్ళు. 365 కంటె 366 ఎక్కువే. లోపలికి వెళ్ళు. 366 కంటె 366 ఎక్కువా? కాదు. మళ్ళీ పైకి... గానుగెద్దు తిరుగుతూనే ఉంది. మన మూడో ప్రశ్న అడగండి: ఈ చుట్టులో ఏది మారుతోంది? ఏదీ మారడం లేదు!

జనవరి 1న? రోజులు 367. 366 కంటె ఎక్కువే. తీసివేస్తే మిగిలింది 1. సంవత్సరం 2009. లూపు ఆగింది. తేదీ మారేదాకా ఓపిక పట్టమనడంలోని రహస్యం ఇదే.

ఈ యంత్రం 2006 నవంబరులో అమ్మకానికి వచ్చింది. అంటే లీపు సంవత్సరపు చివరి రోజును అది చూడడం అదే మొదలు. రెండేళ్ళకు పైగా సవ్యంగా నడిచింది కాబట్టి ప్రోగ్రాము సరైనదే అనుకోవడానికి లేదన్నమాట. మన ప్రోగ్రామును మధ్యలోని విలువలతో పరీక్షిస్తే చాలదు. అంచుల దగ్గర పరీక్షించాలి. సున్నా ఇస్తే ఏమవుతుంది? ఒక్కటే ఇస్తే? సరిగ్గా 365, సరిగ్గా 366 ఇస్తే? పొలం గట్టు తెగేది అంచునే కదా!

కళ్ళకు కనిపించని తేడా

లూపు తరువాత నేర్చుకునేవాళ్ళను ఎక్కువగా తికమక పెట్టేది “డిక్షనరీ”. పైథాన్‌లో డిక్షనరీ అంటే జతల సంచి. ప్రతి జతలోనూ ఒక తాళంచెవి, దానికి తగిన విలువ ఉంటాయి. మన ఊళ్ళ టెలిఫోను సంకేతాలు తీసుకోండి. “హైదరాబాద్” అనే తాళంచెవికి 040, “విజయవాడ”కు 0866, “వరంగల్”కు 0870, “తిరుపతి”కి 0877. తాళంచెవి ఇస్తే విలువ వస్తుంది. లేని తాళంచెవి ఇస్తే పైథాన్ “కీ ఎర్రర్” అని చెప్పి పని మానేస్తుంది.

చిత్రమేమంటే, చాలాసార్లు ఆ మాట అక్కడే ఉంటుంది. మన కళ్ళకు కనిపిస్తూనే ఉంటుంది. అయినా “లేదు” అంటుంది. ఎందుకు?

అచ్చయిన నిఘంటువులో మనం వెతికే తీరు వేరు. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం తెరిస్తే, మాటలు అకారాది క్రమంలో ఉంటాయి. మనం ఒక అక్షరం అటూ ఇటూగా అనుకున్నా, అసలు మాట ఆ చుట్టుపక్కలే కంటపడే అవకాశం ఉంది. కంప్యూటరు అలా పేజీలు తిప్పదు. తాళంచెవిలోని అక్షరాల సంకేతాలతో ఒక లెక్క చేస్తుంది. ఆ లెక్క జవాబును బట్టి బీరువాలో ఏ అర తెరవాలో తెలుసుకుని తిన్నగా ఆ అర దగ్గరకే వెళుతుంది. ఈ పద్ధతికి “హ్యాషింగ్” అని పేరు. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1953లోనే ఈ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. దీనివల్ల డిక్షనరీలో పది మాటలున్నా, లక్ష మాటలున్నా వెతికే సమయం దాదాపు ఒకటే. కాని ఈ వేగానికి ఒక ఖరీదుంది. అక్కడ “ఇంచుమించు అదే మాట” అనేది లేదు. తు.చ. తప్పకుండా సరిపోవాలి. లేకపోతే లేనట్టే.

ఇప్పుడు మూడు రకాల తేడాలు చూద్దాం.

మొదటిది, సంఖ్యకూ అక్షరానికీ తేడా. డిక్షనరీలో 7, 8, 9 అనే క్రమసంఖ్యలకు మార్కులు దాచారు. క్రమసంఖ్య అడిగితే మీరు 7 నొక్కారు. “కీ ఎర్రర్”! కారణం, పైథాన్‌లో “ఇన్‌పుట్” ద్వారా మీటల పలక మీద నుంచి వచ్చేదంతా అక్షరమాలే. అక్షరంగా 7 కు కంప్యూటరులోని సంకేతం 55. అది 7 అనే సంఖ్య కాదు. “ఇంట్” అనే ఆదేశంతో దాన్ని ముందు సంఖ్యగా మార్చుకోవాలి. టెలిఫోను సంకేతాలది దీనికి తిరకాసు. 040 లోని మొదటి సున్నా పోకూడదు కాబట్టి దాన్ని ఉల్లేఖన చిహ్నాల మధ్య అక్షరాలుగానే దాచాలి.

రెండోది, ఖాళీ జాగా. “తిరుపతి” అని కొట్టి, అలవాటుగా పక్కనున్న ఖాళీ మీట నొక్కారు. మనకు అది శూన్యం. కంప్యూటరుకు అది 32 అనే సంకేతం ఉన్న ఒక అక్షరం. లెక్క మారిపోయింది. “స్ట్రిప్” అనే ఆదేశం మాటకు అటూ ఇటూ ఉన్న ఖాళీలను కత్తిరిస్తుంది.

మూడోది మన తెలుగుకు దగ్గరి సంగతి. ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతిలో ‘అ’ సంకేతం 3077, ‘క’ సంకేతం 3093. గుణింతపు గుర్తులకూ, పొల్లుకూ విడివిడి సంకేతాలున్నాయి. అందుకే “హైదరాబాద్” మనకు ఐదు అక్షరాలైనా, “లెన్” అనే ఆదేశంతో పొడవు అడిగితే పైథాన్ 9 అంటుంది. ఇప్పుడు “హైదరాబాద్‌లో” అని టైపు చేసినప్పుడు ద్ కింద లో చేరి ఒత్తుగా మారకుండా, నడుమ ఒక కనిపించని అక్షరాన్ని ఉంచుతాం. ఆ మాటలో ముందు భాగాన్ని కత్తిరించి డిక్షనరీలో అతికిస్తే, కనిపించని అక్షరం కూడా తోకలా వెంట రావచ్చు. అప్పుడు పొడవు 10 అవుతుంది. ఈ తోకను “స్ట్రిప్” కూడా కత్తిరించలేదు. అలాగే ఐత్వపు గుర్తును ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జతగానూ రాసే వీలుంది. తెర మీద “హై” రెండు విధాలా ఒకేలా ఉంటుంది, లోపల వేరు. కాబట్టి రెండు మాటలు ఒకటేనని కళ్ళు చెబితే నమ్మకండి. వాటి పొడవులు కొలిచి చూడండి.

ఇక “హైదరాబాద్”, “హైదరాబాదు” రెండూ మనకు ఒకే ఊరు. డిక్షనరీకి రెండు వేర్వేరు తాళంచెవులు. ఏ రూపం వాడాలో ముందే ఒకటి నిర్ణయించుకోవడం మంచిది.

సున్నా నిజమా, అబద్ధమా?

లూపూ డిక్షనరీ కలిసి చేసే పని ఒకటి చూడండి. తరగతి నాయకుడి ఎన్నికలో ఓట్లు లెక్కపెట్టాలి. ఒక్కొక్క చీటీ తీసి, అందులోని పేరుకు ఉన్న లెక్కకు 1 కలపాలి. నడిపితే మొదటి చీటీకే “కీ ఎర్రర్”. నిజమే! ఆ పేరుకు ఇంకా లెక్కే మొదలుకాలేదు, దేనికి 1 కలుపుతుంది? “ఈ పేరు డిక్షనరీలో లేకపోతే ముందు 0 వేయి” అనే పంక్తి చేర్చాలి. పైథాన్‌లో “గెట్” అనే ఆదేశం కూడా ఉంది. తాళంచెవి దొరకకపోతే ఫలానా విలువ ఇయ్యి, ఉదాహరణకు 0 ఇయ్యి, అని దానికి చెప్పవచ్చు. అప్పుడు “కీ ఎర్రర్” మాయమవుతుంది.

ఇది తెలియగానే చాలామంది ప్రతిచోటా “గెట్” రాసి, సున్నా పెట్టేస్తారు. ఇక్కడే అసలు ప్రమాదం. ఓట్ల లెక్కలో సున్నా నిజం. ఇంకా ఒక్క ఓటూ పడని పేరుకు లెక్క సున్నాయే. కాని మార్కుల డిక్షనరీలో ఒక విద్యార్థి క్రమసంఖ్య పక్కన ఖాళీ జాగా చేరి, తాళంచెవి దొరకలేదనుకోండి. అక్కడ సున్నా పచ్చి అబద్ధం. 82 మార్కులు తెచ్చుకున్న పిల్ల ఫెయిలయినట్టు జాబితాలో అచ్చవుతుంది. తరగతి సగటు కూడా దిగజారుతుంది. తెర మీద ఒక్క హెచ్చరికా ఉండదు. “కీ ఎర్రర్” వచ్చి ప్రోగ్రాము ఆగిపోయి ఉంటే, ఎవరో చూసి సరిచేసేవారు. దాని నోరు మనమే నొక్కేశాం!

కాబట్టి “దొరకలేదు” అనే సమాధానం వస్తే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: లేకపోవడం సహజమా, లేక ఎక్కడో పొరపాటు జరిగిందా? సహజమైతే సున్నా వేయండి. పొరపాటైతే ప్రోగ్రామును అరవనివ్వండి. ఒక జాబితా వెనుక ఒక మనిషి ఉన్నప్పుడు ఈ ప్రశ్న వేసుకోవడం మరీ అవసరం.

పురుగులు ఏరే పద్ధతి

ప్రోగ్రాములోని తప్పును ఇంగ్లీషులో “బగ్” అంటారు, అంటే పురుగు. బియ్యంలో పురుగులు ఏరేవాళ్ళు బస్తా మొత్తం ఒకేసారి చూడరు. చేటలో కొంచెం పోసుకుని చూస్తారు. మీరూ అలాగే చెయ్యండి.

మొదట హెచ్చరికను చదవండి. పైథాన్ అసలు సంగతిని అన్నిటికంటె కింది పంక్తిలో చెబుతుంది. దాని పైన, ప్రోగ్రాములో ఎన్నో పంక్తి దగ్గర ఆగిందో చెబుతుంది. “కీ ఎర్రర్” అయితే దొరకని తాళంచెవిని కూడా చూపుతుంది. దాని చుట్టూ ఉల్లేఖన చిహ్నాలుంటే అది అక్షరం, లేకపోతే సంఖ్య. సగం కేసు అక్కడే తేలిపోతుంది.

తరువాత దత్తాంశాన్ని తగ్గించండి. నలభైమంది మార్కులు వద్దు, ఇద్దరివి చాలు. లూపులోపల “ప్రింట్” పెట్టి ప్రతి చుట్టులోనూ విలువలు చూడండి, లేదా కాగితం మీద పట్టిక వెయ్యండి. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యండి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే, ఏ మందుకు జ్వరం తగ్గిందో తెలియదు. ఇంకా దొరక్కపోతే పక్కవాడికి మీ ప్రోగ్రామును పంక్తి పంక్తిగా వివరించండి. అతనికి ప్రోగ్రాములు రాకపోయినా సరే. చెబుతూ చెబుతూ మీరే “అరె!” అంటారు.

అన్నిటికంటె ముఖ్యం, ఎర్రని అక్షరాలు కనిపించగానే “నాకు ఈ విద్య రాదు” అనుకోకండి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 1949లో ఎడ్సాక్ అనే కంప్యూటరును నిర్మించిన మారిస్ విల్క్స్, ఇక తన శేషజీవితంలో పెద్ద భాగం తన ప్రోగ్రాముల్లోని తప్పులు వెతుక్కోవడానికే సరిపోతుందని ఆ ఏడాదే గ్రహించానని తరువాత రాసుకున్నాడు. కంప్యూటరు కట్టినవాడికే తప్పలేదు. హెచ్చరిక అనేది మీ తెలివికి వేసిన మార్కు కాదు, తప్పు ఉన్న వీధికి దారి చూపే గుర్తు.

మీరు చేసి చూడండి

జాబితాలో 62, 30, 28, 71 అనే మార్కులున్నాయి. “జాబితాలోని ఒక్కొక్క మార్కునూ చూడు. 35 కంటె తక్కువైతే దాన్ని జాబితా నుంచి తీసివేయి” అని పైథాన్‌లో లూపు రాశారు. చివరకు జాబితాలో ఏమేమి మిగులుతాయి? ముందు పట్టిక వెయ్యండి, తరువాతే జవాబు చదవండి.

జవాబు: 62, 28, 71. రెండో స్థానంలోని 30 ని తీసివేయగానే 28 ముందుకు జరిగి రెండో స్థానంలోకి వస్తుంది. లూపు మాత్రం మూడో స్థానానికి వెళ్ళిపోతుంది. అక్కడ ఉన్నది 71. అంటే 28 ని అసలు చూడనే లేదు! నడుస్తున్న లూపు కింద నుంచి జాబితాను లాగకూడదు. 35 కు తగ్గనివాటిని వేరే కొత్త జాబితాలో చేర్చుకుంటే సరిపోతుంది.